అట్ట మీద లాకుల బొమ్మ

ఆ సోమవారం ఉదయం ఎనిమిదింటికి గ్రంథాలయం తలుపు తీసి, ఎప్పటిలాగే ముందు కిటికీలు తెరిచాను. దయ్యాలను నేను నమ్మను. చదువుకునే రోజుల్లో శ్మశానం పక్క గదిలో అద్దెకున్నాను. అక్కడ నన్ను ఇబ్బంది పెట్టింది దోమలే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇది తొంభైల చివరి మాట. పాలకొల్లులో ఒక దాత కట్టించిన చిన్న గ్రంథాలయం అది. నా భార్య సుగుణ చాలా ఏళ్ళు దాన్ని చూసుకుంది. ఒక వేసవిలో, నీళ్ళు వదలకుండా కాలువలు కట్టేసిన రోజుల్లో, కామెర్లు వచ్చి చనిపోయింది. ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పుకుంటున్న నన్ను కమిటీవారు ఆమె కుర్చీలో కూర్చోమన్నారు.

పుస్తకాలు చాలానే చదివాను గాని, విషయాన్ని బట్టి వాటిని విడదీసి నంబరు వేయడం నాకు రాదు. తెలిసిందల్లా ఆమె వంటింట్లో చెప్పిన మాటలే.

"మెంతులు మందే కదండీ. మరి మందుల్లో పెట్టకుండా పోపులపెట్టెలో ఎందుకు పెట్టాను? అవసరం పడేది అక్కడ కనక. పుస్తకమూ అంతే. మీరైతే అట్ట మీద ఏనుగుంటే చాలు, జంతువుల్లో పెట్టేస్తారు" అని నవ్వేది.

ఆమె పోయాక కొత్త పుస్తకాల పార్శిల్ ఒకటి వచ్చింది. అందులో కాలువ నీళ్ళ మీద ఒక పల్చటి పుస్తకం ఉంది. అట్ట మీద కాలువ నీళ్ళు ఆపి వదిలే లాకుల బొమ్మ. 627 వేశాను. కాలువలు, ఆనకట్టల పనులకు ఆ నంబరు. చీటీ అంటించి ఆ వరసలో పెట్టాను.

ఆ సోమవారం అది 616లో, జబ్బుల పుస్తకాల మధ్య కనిపించింది. తీసి దాని చోట పెట్టాను. బుధవారం చూస్తే మళ్ళీ జబ్బుల్లోనే ఉంది.

బీరువాల దగ్గర నేను కాక మసలే మనిషి సత్తిబాబు ఒక్కడే. ఊడ్చి, దుమ్ము తుడిచి, పుస్తకాలు సర్దుతాడు. ఆ కుర్చీ తన అల్లుడికి ఇమ్మని కమిటీని అడిగాడని అంతకుముందే విన్నాను.

"ఏంటి సత్తిబాబూ ఇది?"

"నాకేం తెలుసండి మాస్టారూ. నాకు అంకెలొచ్చు గాని అక్షరాలు రావు కదండి. చీటీ మీద అంకె చూసి సర్దుతానండి."

"మరి దీనికి కాళ్ళొచ్చాయా?"

"వచ్చాయేమోనండి. అమ్మగారున్నప్పుడు మాత్రం ఏ పుస్తకానికీ కాళ్ళు రాలేదండి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆదివారం కమిటీలో చెప్పి పని మాన్పించేస్తానన్నాను. అతను చేతిలోని గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు. "ఈ వయసులో నన్నింకెవరు పెట్టుకుంటారండి" అన్నాడు. నాకు జాలి కలగలేదు. నటన అనుకున్నాను.

ఆరుతో మొదలయ్యే పుస్తకాలన్నీ ఒకే అద్దాల బీరువాలో ఉండేవి. శుక్రవారం సాయంత్రం దానికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. సత్తిబాబు కూతుర్ని చూడ్డానికి కాకినాడ బస్సెక్కాడు. ఎక్కడం నేనే చూశాను.

శనివారం ఉదయం తాళం వేసింది వేసినట్టే ఉంది. పుస్తకం మాత్రం 616లో ఉంది.

బీరువా ముందు నిలబడే ఆలోచించాను. అంకె చూసి సర్దేవాడు దాన్ని 627లోనే పెడతాడు. జబ్బుల్లో పెట్టాలంటే లోపల చదివి ఉండాలి. అంత అనుమానపడ్డ నేను ఆ పుస్తకాన్ని ఒక్కసారీ తెరవలేదు. అప్పుడు తెరిచాను.

కాలువల పనుల గురించి అందులో ఒక్క పేజీ లేదు. కాలువలు కట్టేసినప్పుడు నిలవ నీళ్ళు తాగితే వచ్చే జబ్బుల గురించి ఉంది. కామెర్లకు ఒక అధ్యాయం. దాన్ని నిలబడే పూర్తిగా చదివాను.

సుగుణ ఆ పుస్తకం చూడలేదు. చూడ్డానికి వీల్లేదు. బీరువాకు రెండో తాళంచెవి ఆమె దగ్గర ఉండేది. అది ఇల్లంతా వెతికినా దొరకలేదు. ఎవరికైనా దొరికి ఉండవచ్చు. కాని దొరికినవాళ్ళు ఒక పల్చటి పుస్తకం చదివి, సరైన చోట పెట్టి, మళ్ళీ తాళం వేసి ఎందుకు వెళ్తారు?

ఆదివారం కమిటీవారికి టీలు సత్తిబాబే తెచ్చాడు. నా గ్లాసు అందిస్తూ, "చెప్పేశారాండి?" అని మెల్లగా అడిగాడు.

"లేదు. నంబరు నేనే తప్పు వేశాను" అన్నాను.

అతను మిగతా గ్లాసులు అందించడానికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం పాత చీటీ తడిపి తీసేసి, 616 రాసి అంటించాను. పుస్తకం మళ్ళీ కదల్లేదు. ఓపిక ఉన్నన్నాళ్ళూ సత్తిబాబు అక్కడే పనిచేశాడు. అతన్ని నేను మళ్ళీ ఏమీ అడగలేదు. ఎవరు మార్చారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ బీరువాకు ఇప్పుడు తాళం వేయడం లేదు.