సంగటికి పళ్లెందుకన్నారు

మా అవ్వ నోట్లోంచి ఒక్క పూటలో పదకొండు పళ్లు పీకేశారు. కర్ణాటక అంచున మా తాలూకా ఊరు పావగడలో ఒక బడి గదిలో, పిల్లలు కూర్చునే బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి, వెనక నుంచి ఒకరు తల పట్టుకుంటే ముందు నుంచి ఒకరు లాగారు. సూదిమందు వేశారు, కాదనను. నొప్పి తెలియలేదనే చెప్పింది. మధ్యాహ్నం బస్సులో ఊరికి తిరిగి వస్తుంటే ఆమె నోటి నిండా దూది, దూది మీద చీర కొంగు, కొంగు మీద చెయ్యి. పక్క సీట్లో నేను, ఏదో గొప్ప మేలు చేసినవాడిలా నిక్కి కూర్చుని. ఆమెను ఆ వరసలో నిలబెట్టింది నేనే.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, నెల కిందట దవడ పన్ను ఒకటి సలుపుతుంటే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా తాలూకాలో పుట్టి పెరిగిన చాలామంది పళ్లలాగే నావీ గార పట్టి గోధుమ రంగులో ఉంటాయి. అవి కనిపించకుండా పెదవులు మూసి నవ్వడం చిన్నప్పుడే అలవాటైంది. నా మనవరాలి ఈడుది ఆ డాక్టరమ్మ. ఒక్కో పన్నూ తట్టి చూసి, ఇది నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చిన రంగే గాని పుచ్చు కాదనీ, రంగు చూసి ఎవరైనా పీకుతామంటే ఒప్పుకోవద్దనీ చెప్పింది. ఏం తింటున్నాను, ఏ వైపు నములుతున్నాను అని కూడా అడిగింది. నమలలేని ముసలివాళ్లు మెత్తనివే తింటారట, మెత్తనివే తింటే కండ కరుగుతుందట, కండ కరిగినవాళ్లు పడతారట, పడ్డవాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవరట. చేతులు కడుక్కుంటూ, రోజూ పదిమందికి చెప్పే మాటలా చెప్పింది. ఆ కుర్చీలో వెనక్కి వాలి, దీపం కళ్లలో పడుతుండగా, నాకు ఒళ్లంతా కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆమె చెప్పిన వరసంతా మా ఇంట్లో, నా కళ్లముందే, ఒక్క మెట్టు కూడా తప్పకుండా జరిగింది.

మాది ఒకప్పుడు గొర్రెలు కాచిన వంశం. తాత కాలానికే మందలు పోయి, మంగళవాడ దాపున కాస్త మెట్టచేను మిగిలింది. ఆ కాలం చూసినవాళ్లకు నేను చెప్పాల్సింది లేదు: ఎనభైలలో ఎటు చూసినా వేరుశనగే, వాన పడితే విత్తడం, పడకపోతే విత్తినదాన్ని చూస్తూ కూర్చోవడం. విత్తనపు కాయలను ఇంట్లోనే ఆడవాళ్లు వసారాలో చేరి ఒలిచేవాళ్లు, వేళ్ల కొసలు బొబ్బలెక్కితే కాయను పళ్లతో చిట్లించేవాళ్లు. మా అవ్వకు ఇంకో పని ఉండేది. ఒలిచిన గింజను ముందు పళ్ల మధ్య పెట్టి కొరికేది. టక్కున విరిగితే ఆరినట్టు. మెత్తగా దిగితే ఇంకా పచ్చి, మూట కడితే బూజు పడుతుంది. విరిగిన గింజ నాలుక మీద చేదుగా తగిలితే పాతది, మొలవదు. కరువు రోజుల్లో విత్తనం చెడితే ఆ ఏడే చెడుతుంది కాబట్టి, ఊళ్లో సగంమంది విత్తే ముందు గుప్పెడు గింజలు తెచ్చి ఆమె ముందు పోసేవాళ్లు. పక్క చేని పెద్దాయన ఒకసారి తన విత్తనం గురించి గొప్పలు పోతుంటే, ఒక గింజ కొరికి ఊసేసి, "ఇది ఇత్తనం గాదు నాయనా, ఎద్దులకు పెట్టు. అవి గూడా నిన్ను తిట్టుకుంటాయి" అనింది. ఆయన గొణుక్కుంటూ పోయి వేరే మూట విప్పుకున్నాడు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటింది. నోట్లో ఉన్నవి పదకొండే, మట్టి రంగువి, ఒక్కటీ కదిలేది కాదు.

నేను ఆ రోజుల్లో ఒక దినపత్రికకు తాలూకా విలేకరిని. బజారులో నూనె మిల్లున్న ఒక షావుకారు ముసలివాళ్లకు ఉచితంగా పళ్ల సెట్లు కట్టించే శిబిరం పెడుతున్నాననీ, నగరం నుంచి డాక్టర్లు వస్తారనీ, పల్లెల నుంచి జనాన్ని కదిలించమనీ నాకు చెప్పాడు. ముందు ఉన్న పళ్లు తీసేయాలట, చిగుళ్లు ఆరాలట, మూడు నెలలకు డాక్టర్లు మళ్లీ వచ్చి కొలతలు తీసుకుంటారట, తర్వాత సెట్లు వస్తాయట. వినడానికి ఎంతో పద్ధతిగా ఉంది.

అవ్వ ఒప్పుకోలేదు. "నాకు ఉండేవి సాలునప్పా. ఇవి యాడికీ పోవు. పోతే నేనే ముందు పోతా" అనింది. నేను వదల్లేదు. సెట్టు పెట్టుకుంటే వేటమాంసం కూడా నమలొచ్చన్నాను. ఆమె మాట మీద ఊరికి గురి కాబట్టి ఆమె బయలుదేరితే మిగతా ముసలివాళ్లూ బయలుదేరతారన్నది అసలు సంగతి. వార్తకు జనం కావాలి కదా. రెండు రోజులు చెవినిల్లు కట్టుకుని పోరితే, "నువ్వు సదువుకున్నోనివి, నీకు తెలీకుండా ఉంటాదా" అని లేచి కొంగు సర్దుకుంది. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

శిబిరంలోని కుర్ర డాక్టరు ఆమె నోట్లోకి టార్చి కొట్టి ఎంతసేపు చూశాడు? ఆమె నోరు తెరిచి మూసేంతసేపు. "ఎల్లా హుళుకు" అన్నాడు పక్కవాడితో కన్నడంలో, అన్నీ పుచ్చిపోయాయని. అవ్వకు కన్నడం బాగానే వచ్చు. "పుచ్చు గాదు నాయనా, ఇది మా నీళ్ల రంగు. మా పక్క పసిపిల్లోల్ల పండ్లు గూడా ఇట్లే ఉంటాయి" అని చెప్పింది. అతను నవ్వాడు. ఆ నీళ్లే తాగి పెరిగి, అదే రంగు నోట్లో పెట్టుకున్న నేను కూడా, చదువుకున్నవాడి పక్కన నిలబడ్డానన్న సంబరంలో, నవ్వాను.

మర్నాడు వార్త పంపాను. షావుకారు మా అవ్వ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డ ఫొటోతో సహా వచ్చింది. వృద్ధుల ముఖాల్లో చిరునవ్వు అని శీర్షిక పెట్టింది పత్రికాఫీసు డెస్కువాళ్లు కాదు, నేనే. నోటి నిండా దూది కుక్కుకున్న మనిషి చిరునవ్వు అది.

మూడు నెలలు గడిచాయి, ఆరు నెలలు గడిచాయి, కొలతలకు ఎవరూ రాలేదు. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. ఎందుకు పడలేదో చెప్పడానికే నాకు ఇప్పుడు నోరు రావడం లేదు. మా ఇంట్లో రెండు పూటలా రాగి సంగటి. సంగటిని ఎవరూ నమలరు. ముద్ద తుంచి చారులో అద్ది మింగుతారు. నమిలేవాణ్ణి చూస్తే వీడికి తినడం రాదని పక్కవాళ్లు నవ్వుతారు. సంగటికి పండ్లతో ఏం పని అన్నది మా అమ్మ, అవునంది ఇరుగుపొరుగు, నేనూ అన్నాను. అవ్వ పూటకొక ముద్ద మింగుతోంది, కడుపు నిండుతోంది, ఇంకేం కావాలి? ఆ ముద్ద తప్ప ఆమె నోట్లోకి ఇంకేమీ పోవడం లేదని చూసినవాడు లేడు. రొట్టె మానేసింది. అలసందలు మానేసింది. ఆకుకూరలో కాడలు తగులుతున్నాయని చారునీళ్లు మాత్రం వంచుకునేది. పండగనాడు మాంసం ముక్కలు ఏరి పిల్లల కంచాల్లో వేసేది, అది ప్రేమ అనుకున్నాం. పట్టుబట్టి ఒక వేరుశనగ గింజను బుగ్గన పెట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, చివరికి అలాగే చేతిలోకి ఊసి పారేయడం ఒకసారి చూశాను. చూసి, పేపరు చదువుకున్నాను.

నన్ను అన్నిటికంటే మండించేది ఇది. ఇల్లంతా వేరుశనగ మూటలు. ఆ గింజలనే వేయించి, బెల్లం వేసి, రోట్లో మెత్తగా దంచి మా అమ్మ పిల్లలకు ఉండలు చేసి పెట్టేది. రోలు పక్కనే అవ్వ మంచం. అందులోంచి ఒక పిడికెడు ఆమె చేతిలో పెట్టాలని మా అమ్మకు తట్టలేదు, నాకు తట్టలేదు, ఇంటికి వచ్చిపోయేవాళ్లకు తట్టలేదు. అడగడం ఆమెకు నామోషీ. అవతల అన్నం లేక వలసపోయినవాళ్ల గురించి నేను వార్తలు రాస్తున్నాను.

మరుసటి ఏడు విత్తనాల వేళకు జనం గింజలు తెచ్చారు. ఒక గింజను చిగుళ్ల మధ్య నొక్కి, తీసి, కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చేసింది. "నాకేం తెలస్తాదప్పా ఇంక. మీ పండ్లుండాయి కదా, కొరుక్కోండి" అనింది. ఆ పై ఏడు ఎవరూ రాలేదు. ఆమె గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. మాట్లాడితే గాలి పోతుందని మాటలూ తగ్గించింది. రవికె చేతులు వదులయ్యాయి, బిందె మోసిన మనిషి చెంబుకు దిగింది, గడప దాటడానికి ద్వారబంధం పట్టుకుంది. ఒకరోజు పశువుల పాకలో, కాలైనా జారకుండా, కాళ్లు మడతపెట్టినట్టు కూలబడింది. ఎముక ఏదీ విరగలేదు. కానీ ఆ తర్వాత లేచి నడవలేదు. వయసైపోయింది అన్నారందరూ. ఆ మాట చెప్పేసుకుంటే ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

మంచం మీది నుంచే ఒకసారి నన్ను పిలిచి, "ఏమప్పా, నా పండ్లు వస్తాయంటివే. దోవలో బస్సు యాడన్నా చెడిపోయి నిలిసిపోయిందేమో, పోయి సూసిరా" అనింది. కళ్లలో నవ్వే ఉంది. అప్పటికి గాని నేను షావుకారు దగ్గరికి కదల్లేదు. ఆయన మర్యాదగా కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఆ డాక్టర్లు వేరే ఊర్లకు పోయినారనీ, వాళ్ల విలాసం ఇప్పుడు తన దగ్గర లేదనీ చెప్పాడు. నేను గొంతు పెంచితే తాపీగా, "ఎందుకప్పా అంత కోపం? అంతా బాగా జరిగినాదని పేపర్లో రాసింది నువ్వే గదా" అన్నాడు. గోడకు పటం కట్టించి పెట్టుకున్నాడు ఆ వార్తను.

ఆ మాటకు జవాబు పేపర్లోనే చెప్పి ఉండాల్సింది. సెట్లు రాలేదని నాలుగు వాక్యాలు రాస్తే చాలు. రాస్తే ముందు రాసింది తప్పని ఒప్పుకోవాలి. ఊళ్లో పేరున్న మనిషితో పేచీ. నేను రాయలేదు. రెండు వేసవులు మంచం మీదే గడిపి అవ్వ పోయింది. కాటికి మోసినవాళ్లు బరువే లేదన్నారు, పుణ్యాత్మురాలు అని కూడా అన్నారు. చావుకు కారణం రాయాల్సిన చోట వృద్ధాప్యం అని రాయించింది నేనే.

ఇప్పుడు వల్లూరు వైపు వెళ్తే చేల జాడ లేదు, కనుచూపు మేర సోలార్ పలకలు మెరుస్తుంటాయి. బజారులో పళ్ల డాక్టర్ల బోర్డులు వెలిశాయి. మా వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త ముసలివాళ్లకు బీపీ చూస్తుంది, షుగరు చూస్తుంది, కళ్ల గురించి అడుగుతుంది. నోరు తెరవమని అడగడం నేను ఇంతవరకు చూడలేదు. గంజిలాంటిదేదో తాగి సరిపెట్టుకుంటున్న నా ఈడువాళ్లను పలకరిస్తే, ఏముందిలే, జరిగిపోతోంది అంటారు. వాళ్ల పిల్లలు, పాపం మంచివాళ్లే, మెత్తగా వండిపెడుతున్నాం కదా అంటారు.

ఆ రోజు బడి వరండాలో మా అవ్వ వెనక ఇంకా చాలామంది నిలబడ్డారు. వెంకటమ్మనహళ్లి నుంచి వచ్చినవాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు మా అవ్వను చూసి ధైర్యం తెచ్చుకుని వచ్చిన మా ఊరివాళ్లూ ఉన్నారు. వార్త కోసం అందరి పేర్లూ ఊర్లూ నేనే రాసుకున్నాను. వాళ్లలో ఒక్కరికీ సెట్టు రాలేదని నాకు తెలుసు. ఆ తర్వాత వాళ్లు ఏం తిన్నారో, ఎన్నాళ్లు నడిచారో తెలియదు. ఒక్క ఇంటికి కూడా నేను వెళ్లి అడగలేదు.