ఆయిల్ చూడని బండిమీద మిర్యాలగూడ దాకా

సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్న మూడో నెలలో, ఒక సోమవారం పొద్దున ఆరున్నరకు సూర్యాపేటలో బయలుదేరాను. కోదాడలో మా పెద్దమ్మ కూతురు విజయక్కను ఎక్కించుకుని, పదిన్నరకల్లా మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానకు చేర్చాలి. అక్క నర్సింగ్ చదివింది. మంచం పట్టిన అత్తగారిని చూసుకోవడానికి ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగం మానేసింది. అత్తగారు పోయాక వచ్చిన మొదటి ఇంటర్వ్యూ ఇది.

"నేను బస్సుకు పోతలే తమ్మీ, ఏడున్నరకు ఉంది," అని ముందురోజే ఫోన్లో చెప్పింది. నేనే వినలేదు. బండి కొన్న ఉబలాటం అలాంటిది. "బస్సు ఊరూరికీ ఆగుతది. నేనొస్త తియ్," అన్నాను.

ఎనిమిదికి కోదాడ చేరాను. బావ అప్పటికే పనికి వెళ్లిపోయాడు. పక్కింటాయన వచ్చి బండి చుట్టూ తిరిగి, "కొత్తదానిలా ఉందే!" అన్నాడు. ఉండదా మరి! వారం వారం షాంపూ పెట్టి కడిగి పాలిష్ కొట్టేవాణ్ణి. సీటుకు కొత్త కవరు వేయించాను. ఇంజన్ ఆయిల్ మాత్రం ఒక్కసారీ చూడలేదు. రోజూ బండి తీయగానే గచ్చు మీద నల్లటి చుక్కలు కనబడేవి. అమ్మ గొణుగుతోందని కింద గోనెసంచి పరిచాను. అవి ఎక్కడినుంచి కారుతున్నాయో వంగి చూడాలని తోచలేదు.

ఇడ్లీలు తిని ఎనిమిదీ నలభైకి బయలుదేరాం. అక్క ఒడిలో సర్టిఫికెట్ల ఫైలు. వెనక కూర్చుని మందుల పేర్లు, మోతాదులు మెల్లగా వల్లె వేసుకుంటోంది. హుజూర్‌నగర్ దాటాక ఇంజన్‌లో గరగరమని చప్పుడు మొదలైంది.

"ఏందిరా అది?"

"ఏం లేదక్కా, రోడ్డు బాగలేదు," అన్నాను. పైగా ఇంకాస్త స్పీడు పెంచాను. అక్కడే ఆపి ఉంటేనో అని ఇప్పటికీ అనుకుంటాను.

గరిడేపల్లి ఒక కిలోమీటరు ఉందనగా ఇంజన్ బిగుసుకుపోయి ఆగింది. కిక్ కొడితే కాలు కిందికి దిగలేదు. ఎండలో, వరి పొలాల మధ్య బండిని తోసుకుంటూ పోయాం. ఇస్త్రీ చీర కుచ్చిళ్లు ఎగదోపి అక్క వెనకనుంచి తోసింది.

ఊరి మొదట్లోనే మెకానిక్ షెడ్డు. యాదగిరి అనే పెద్దాయన ఇంజన్ పక్కనున్న మూత తిప్పి, దానికున్న ఆయిల్ కొలిచే పుల్లను బయటికి తీశాడు. పుల్ల పొడిగా ఉంది.

"కొన్నంక ఒక్కసారన్న గీ పుల్ల గుంజి సూసినవా?"

"లేదు."

"కడుగుడు మాత్రం మంచిగ కడిగినవ్."

వంగి, ఇంజన్ కింద జిడ్డుపట్టిన బోల్టు చూపించాడు. వదులైపోయి ఉంది. "గిది అప్పుడే బిగిస్తే అయిపోతుండె. ఇగ పిస్టన్ పట్టేసింది, వారమైతది," అన్నాడు. కొత్తగా బండి కొన్నవాళ్ల కోసం ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను: "సెంటర్ స్టాండ్ ఏసి, ఇంజన్ సల్లగున్నప్పుడు పుల్ల తీసి తుడువు. మల్ల ముంచి సూడు. ఆయిల్ రెండు గీతల నడుమ ఉండాలె. టైర్ల గాలి, బ్రేకు సూస్కో. వారానికి ఐదు నిమిషాల పని."

అక్క అప్పటికే రోడ్డు మీద నిలబడి వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తుతోంది. చివరికి పదీ ఇరవై అయిదుకు బస్సు దొరికింది. అక్కకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, నాకు మామూలు టికెట్. పక్క సీటులోని పెద్దామె అక్క చేతుల మసి, ఒళ్లో ఫైలు చూసి, తన సీసాలో నీళ్లతో కొంగు తడిపి ఇచ్చింది. "ఇంటర్వ్యూనా బిడ్డా? జర మొఖం గూడ తుడుసుకో."

మిర్యాలగూడలో దిగేసరికి పదకొండున్నర. దవాఖానలో బల్ల దగ్గరి ఆవిడ మర్యాదగానే చెప్పింది: "ఉన్నది ఒక్క పోస్టేనమ్మా. టైముకు వచ్చినవాళ్లల్లోంచి తీసుకున్నారు."

అక్క ఫైలు తెరవనేలేదు.

బస్టాండు ఎదుట హోటల్లో భోజనం చెప్పాం గానీ ఇద్దరం సగం కూడా తినలేదు. అంతలో బావ ఫోన్ చేశాడు.

"బస్సు లేటయిందండీ," అంది అక్క, నా వైపు చూడకుండా. "తమ్ముడు రాలేదు, నేనే వద్దని బస్సుకు వచ్చిన."

నేను పక్కనే కూర్చుని బిల్లుకు డబ్బులు తీశాను.

రెండింటికి అక్కను కోదాడ బస్సెక్కించి, నేను సూర్యాపేట బస్సెక్కాను. ఒక్క పూటలో మూడు ఊళ్లు తిరిగాను. ఏ ఊరూ సరిగా కళ్లబడలేదు. సగం దారిలో బావకు ఫోన్ చేశాను.

"బస్సు కాదు బావా. అక్కను నా బండి మీదే తీస్కపోయిన. ఆయిల్ చూసుకోలే. నడిమిట్ల ఆగిపోయింది."



"ఎనిమిదేళ్లలో అన్నీ మర్చిపోయానని నెల రోజులుగా తెల్లారకముందే లేచి చదువుకుందిరా," అన్నాడు బావ. "సరేలే, నువ్వు జాగ్రత్తగా ఇంటికెళ్లు."

తిట్టి ఉంటే బాగుండేది. సూర్యాపేట బస్టాండులో అందరూ దిగాక కూడా నేను సీట్లోనే కూర్చున్నాను. "లాస్ట్ స్టాప్ సారూ, దిగుండ్రి," అని కండక్టర్ వచ్చి చెప్పింది.