సరే అని తలుపు తీసిన హీరో

మా వాళ్లు తెలుగు మాట్లాడతారు, కన్నడం చదువుతారు. రాయచూరులో ఇది వింతేమీ కాదు. మా మేనత్త, ఆమె కూతురు మా వదిన ఇద్దరూ కన్నడ బడిలో చదివినవాళ్లే. తెలుగు అక్షరాలు చూస్తే వాళ్లకు పెళ్లిలో ఎదురైన దూరపు చుట్టాన్ని చూసినట్టుంటుంది. మొహం తెలిసినట్టే ఉంటుంది, పేరు మాత్రం నోటికి రాదు. మా అమ్మది గద్వాల కాబట్టి పట్టుబట్టి నాకు తెలుగు నేర్పింది. దేవుడి పుస్తకాలు చదువుకుంటానని ఆమె ఆశ. నేను చదివినవి వేరు.

అత్త ఇంట్లో మధ్యాహ్నాలు చీరలకు ఫాల్స్ కుడతారు. బట్టల అంగళ్ల నుంచి మూటలు వస్తాయి. ఒక అంచు అత్త మిషను మీద వేస్తే, రెండోది వదిన సూదితో కుడుతుంది. చేతుల నిండా పని, చెవులు మాత్రం ఖాళీ. ఒకరోజు వదిన తన ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో రోజుకో భాగం వచ్చే తెలుగు ప్రేమ సీరియల్ ఉంది.

"అందరు గిదే చదువుతున్నరంట. నువ్వు చదువు, మేం ఇంటం," అంది.

నాకు ఇరవై నాలుగేళ్లు. బస్సులో టికెట్ అడగాలన్నా ముందు లోపల ఒకసారి అనుకుని చూసుకుంటాను. మనసులో మాట ఏదైనా డైరీకే చెబుతాను. అయినా ఆ సీరియల్ నాకు కొత్త కాదు, దుప్పటి కింద అప్పటికే సగం చదివేశాను. ఆ సంగతి బయటపెట్టలేక సరేనన్నాను.

అందులో హీరోకు బోలెడు కంపెనీలు. వాటిలో ఏం తయారవుతుందో ఎక్కడా రాయలేదు. హీరోయిన్ అతని ఆఫీసులో పనిచేసే పేద పిల్ల. కోపం వస్తే అతను ఆమె మణికట్టు పట్టుకుంటాడు. ప్రేమ వచ్చినా మణికట్టే పట్టుకుంటాడు. ఏదీ రాని రోజున గోడకు నెట్టి మరీ పట్టుకుంటాడు. ఆమె వద్దంటుంది. వెంటనే 'పెదవులు వద్దంటున్నా కళ్లు ఔనంటున్నాయి' అని ఉంటుంది. ఆ కళ్లు ఎప్పుడు చూసినా ఔననే అంటాయి. పాపం, మరో మాట రాదు వాటికి.

మొదటి వారమే ఒక గది వచ్చింది. నేను మూడు పేరాలు దాటేసి తెల్లవారి కాఫీ దగ్గర తేలాను.

"ఆగు," అంది అత్త. "ఇద్దరు గదిలకు పోయిండ్రు. ఎంటనే కాఫీ తాగుతున్నరు. నడుమ ఏమైంది?"

"ఏం లేదత్తా. పండుకున్నరు."

"పండుకున్నరని నాకు ఎర్కనే. ఎట్ల పండుకున్నరో రాసిండ్రా లేదా?"

వదిన దారం కొరకబోయి పకపకా నవ్వింది. నేను వెనక్కి వెళ్లి, తల ఎత్తకుండా, కామాలు కూడా వదలకుండా చదివాను.

"ఏందే గా చదువుడు?" అంది అత్త. "ముద్దుల కతను కరెంటు బిల్లు చదివినట్ల చదువుతున్నవు. నేను ఇద్దరు పిల్లల్ని కన్నదాన్నే. వాళ్లు ఆకాశంలకెళ్లి ఊడిపడిండ్రనుకున్నవా?"

అలా కరెంటు బిల్లు గొంతుతోనే రోజులు గడిచాయి. నాకు ఇబ్బందిగా తోచింది గదులు కాదు, వదిన నిట్టూర్పులు. హీరో హీరోయిన్ ఫోన్ లాక్కున్నప్పుడు, ఉద్యోగం మాన్పించినప్పుడు, వదిన సూది ఆపి "ఎంత ప్రేమనో" అనేది. ఆ మాట పూర్తయ్యేలోపే నా చేతిలో ఆమె ఫోన్ మోగేది.

వదినకు పెళ్లి కుదిరింది. లింగసుగూరు అబ్బాయి, ఎరువుల అంగడి ఉంది. వీడియో కాల్ చేసి, ఎవరున్నారక్కడ అని అడిగి, ఫోన్ తిప్పి గది మొత్తం చూపించమనేవాడు. వదిన చూపించేది: కుట్టుమిషను, చీరల మూట, నేను, నోట్లో మిర్చీతో అత్త. "తినేటప్పుడన్న ఇడవమను," అనేది అత్త కొంగు అడ్డం పెట్టుకుని. వదిన పిల్లలకు ట్యూషన్ చెప్పేది. పిల్లల కోసం నాన్నలు వస్తున్నారని దాన్ని మాన్పించాడు. ఒకసారి ఆమె ఎక్కడికో రానన్నదని మాట్లాడటం మానేశాడు. తప్పయిందని ఈమే బతిమాలుకుంది.

"నేను ఫోను ఎత్తకుంటే ఆగమైతడు," అని మాకు గర్వంగా చెప్పింది. "అచ్చం సీరియల్ల లెక్క."

ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. కానీ వదిన నాకంటే పెద్దది. పైగా పెళ్లికూతురు. ఏమని చెప్పాలి?

మరుసటి రోజు భాగంలో హీరో తలుపుకు గడియ పెట్టాడు. ఆమె వద్దని ఏడుస్తోంది, అతను వినడం లేదు. రెండు లైన్ల తర్వాత ఆమెకు అతని మీద ప్రేమ పుడుతుంది. ఫోన్ వైపే చూస్తూ, అక్కడ లేనిది చదివాను: "అతను గడియ మీద చెయ్యి పెట్టి, నీకు ఇష్టమేనా అని అడిగాడు. ఆమె లేదు అంది. అతను సరే అని తలుపు తీశాడు."

గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

"తర్వాత?" అంది అత్త.

తర్వాత ఏముంటుంది? నాకు కథలు అల్లడం రాదు. "అతను వెళ్లి టీ పెట్టాడు," అన్నాను.

అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. సరే అన్న హీరోకు చేయడానికి పనే మిగల్లేదు. మర్నాడూ టీ పెట్టాడు. ఆ మర్నాడు అల్లం వేసి పెట్టాడు.

"ఏందే, వీడు సప్పగైండు," అని వదిన విసుక్కుంది.

"గా కంపెనీలు ఎవరు నడుపుతున్నరే?" అంది అత్త. కాసేపు కుట్టి మళ్లీ తనే అంది, "ఏమో గాని, అడిగిండు సూడు. మీ మామ ఇన్నేండ్లల చట్నీల ఉప్పు సరిపోయిందా అని గూడ నన్ను అడగలె." ఆ రోజు నుంచి టీ హీరో ఆమె మనిషయ్యాడు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే, "ఏం జేస్తున్నడు మనోడు?" అనేది.

ఒక రోజు వదిన నాకంటే ముందే సీరియల్ పెట్టుకుని కూర్చుంది. దాన్ని చదివి వినిపించే ఆడియో కూడా వచ్చిందట. గడియ పెట్టిన భాగం వినేసింది. ఆమె మొహం చూడగానే నాకు వెనక్కి తిరిగి పోదామనిపించింది.

"టీ ఏడ ఉందే దీంట్ల?" అంది.

"అంటే?" అంది అత్త. "మనోడు టీ పెట్టలేదా?"

"పెట్టలె. ఆమె ఏడుస్తుంటే ఇనలె గూడ. ఇది సుమ్నె, ఉత్తగనే, మనకు అబద్ధాలు చదివింది."

అత్త నన్ను చూసింది. నేను చీర అంచు చూశాను. చివరికి, బస్సులో అనుకున్నట్టు లోపల ఒకసారి అనుకుని అన్నాను: "వదినా, వాడు సరే అంటే కత ఆడికే ఆగుతది. గందుకే ఎన్నడూ సరే అనడు. రాసేటోళ్లకు కత నడవాలె. మనకేం గావాలె?"

ఇంతలో వదిన ఫోన్ మోగింది. ఎత్తి, ఎందుకో ఆ రోజు స్పీకర్ పెట్టింది.

"ఆదివారం కోట కాడికి రా," అన్నాడు లింగసుగూరు అబ్బాయి. "ఒక్కదానివే. ఇంట్ల చెప్పకు."

"రాను," అంది వదిన. "నాకు ఇష్టం లేదు."

అతను నవ్వాడు. "ఆడోళ్లు వద్దంటే రమ్మననే."

అత్త నోట్లో దారం అలాగే ఉండిపోయింది.

"నేను వద్దంటే వద్దనే," అంది వదిన. "పెండ్లైనంక గూడ అంతే."

అవతల నవ్వు పోయింది. "ఎక్కువ మాట్లాడకు. నేను ఇడిస్తే నిన్ను ఎవడు జేస్కుంటడు? ఆదివారం రాకుంటే సూడు."

అత్త దారం ఉమ్మేసి ఫోన్ లాక్కుంది. "నాయినా, నేను దాని అమ్మను. అది వద్దన్నది మిషను చప్పుట్ల నాకే ఇనొచ్చింది. చెవికాడ ఫోను పెట్టుకున్న నీకు ఇనరాలేదా?" అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. "గీడు టీ గూడ పెట్టడు," అంది అత్త. ఎవరూ నవ్వలేదు. వదిన మాత్రం కొంగులో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

మామ ధాన్యం అమ్మే గంజ్‌లో గుమాస్తా. సాయంత్రం వచ్చి, సంగతి విని, తల పట్టుకున్నాడు. "ఫోన్ల ఒక్క మాటకు సంబంధం ఇడుస్తరా? పదిమందిల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఒక్క మాట ఎక్కడిది? రెండుసార్లు చెప్పింది," అంది అత్త. "మూడోసారి నువ్వన్న ఇను."

మామ వదినను చూశాడు. అలవాటు లేని పని చేసేవాడిలా నెమ్మదిగా అడిగాడు: "నీకేం అనిపిస్తుంది బిడ్డా?"

"వద్దు నాయినా."

వారం తర్వాత మామ లింగసుగూరు వెళ్లి నిశ్చితార్థం చీర, ఉంగరం తిరిగి ఇచ్చేసి వచ్చాడు. అక్కడ నానా మాటలు పడ్డాడట. ఇంటికొచ్చి నేరుగా పడుకున్నాడు. మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ ఆ పిల్లకు చదువెక్కువైందంటారు. చదివింది నేనని వాళ్లకు తెలియదు.

వదిన ట్యూషన్ మళ్లీ మొదలైంది. మధ్యాహ్నం ఖాళీ ఉన్నప్పుడు మాతో కూర్చుంటుంది. మొదటి రోజు నేను వేరే కథ ఏదైనా చదువుతానంటే ఒప్పుకోలేదు.

"గదే చదువు. ఉన్నది ఉన్నట్ల చదువు. టీలు పెట్టకు."

చదివాను. హీరో హీరోయిన్ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇడువురా చెయ్యి!" అని అరిచింది వదిన, ఫోన్ వైపు సూది చూపిస్తూ.

"దాని దగ్గర ఫోను లేదా? పోలీసోళ్లకు చెయ్యమను," అంది అత్త.

"ఫోను లాక్కున్నడత్తా."

"మల్ల దీన్ని ప్రేమ అని రాసిందెవతే? జల్ది చదువు, ఎట్ల తప్పించుకుంటదో సూద్దాం."

ఆమె తప్పించుకోదని, రాబోయే భాగాల్లో ఇంకా చాలా గోడలున్నాయని నాకు తెలుసు. అయినా వాళ్ల అరుపుల మీదుగా వినపడాలని గొంతు పెంచి చదివాను. వీధిలోకి వినబడిందని అమ్మ తర్వాత చెప్పింది.