వంటావార్పులో జెర్రిపోతు

తెలంగాణ ఉద్యమం రోజులు. సమ్మెతో బడులు మూతపడ్డాయి. బడుల్లో పాములను చూపిస్తూ పాఠాలు చెప్పే నేను, తొర్రూరు రోడ్డు మీద నిరసనగా వండుకు తింటున్న వంటావార్పు దగ్గర చేరిన పిల్లల ముందే పాముల పెట్టె తెరిచి, జెర్రిపోతును చేతిలోకి తీసుకున్నాను.

"జెర్రిపోతుకు విషం ఉండదు" అంటుండగానే అది నా మణికట్టు కరిచింది. అదిరిపడి వదిలేశాను. రక్తం చూసి ఒకాయన కట్టె ఎత్తాడు. నిజం చెప్పాలంటే నేనూ భయంతో రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన కూతురు, ఎనిమిదేళ్లుంటాయేమో, పాముకు అడ్డం నిలబడింది.

"కొట్టకు బాపు! విషం లేదని సార్ ఇప్పుడే చెప్పిండు గద! చెప్పు సార్!"

"లేదు బిడ్డా" అన్నాను, మణికట్టును అదిమి పట్టుకుని.

ఆయన కట్టె పడేసి, వంట దగ్గర్నుంచి పసుపు తెచ్చి నా గాయానికి అద్దాడు.

నా పాఠాన్ని నాకన్నా గట్టిగా నమ్మిన ఆ పిల్ల పేరైనా అడగలేదు. ఈ పేజీ చదువుతుంటే, బిడ్డా, నీకు మీ సార్ దండం.