చింతపండు నానేంతసేపు

ఈ ఉగాదికి మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి కాగితపు కప్పులో పచ్చడి తెచ్చిచ్చి, గుమ్మంలోనే నిలబడి ఎలా ఉందో చెప్పమంటే, ఒక చెంచా నోట్లో వేసుకుని బాగుందమ్మా అన్నాను. పిల్ల సంబరపడుతూ వెళ్లిపోయింది. నిజానికి నాకేమీ తెలియలేదు. కిందటేడు వచ్చిన జ్వరం పోతూపోతూ నా నాలుకని కూడా పట్టుకుపోయింది. బెల్లమూ వేపపువ్వూ నాకిప్పుడు ఒకటే. మెల్లగా అదే వస్తుందిలెండి అని డాక్టరుగారు అన్నారు, ఏడాదిగా వస్తూనే ఉంది. తలుపు వేసుకుని కుర్చీలో కూలబడ్డాక గానీ తట్టలేదు, ఆ బాగుందమ్మా అన్న మాట సరిగ్గా అదే తీరులో ఒకప్పుడు నేను విన్నానని. నూజివీడులో, నలభై ఏళ్ల కిందట, ఉగాది నాడే.

అప్పటికి నాకు ఇరవైమూడేళ్లు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా కొత్తగా చేరాను. ట్రంకు కాల్ అంటే ఏమిటో నా ఈడువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు గానీ, మామిడి సీజనులో నూజివీడు ట్రంకు బోర్డు ముందు కూర్చోవడం ఏమిటో మాత్రం అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. కాయ ఇంకా పిందెగా ఉండగానే షావుకార్లు బొంబాయి, నాగపూర్ లైన్ల కోసం ప్రాణాలు తోడేసేవారు. రోజంతా ఊళ్లని ఊళ్లతో కలిపేదాన్ని, నాకోసం మాత్రం ఏ ఊరినుంచీ కాల్ వచ్చేది కాదు. అమ్మ పోయి రెండేళ్లయింది. అన్నయ్య రాసే కార్డుల్లో క్షేమసమాచారాలు ఉండేవి, పండక్కి రమ్మన్న మాట ఉండేది కాదు.

మామిడితోటలున్న ఒక రైతు కుటుంబం ఇంట్లో, వసారా చివర గదిలో అద్దెకుండేదాన్ని. ఇంటి పెద్దావిడని పిన్నిగారూ అని పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి, పిల్లల్లేరు. ఆవిడ భర్త బాబాయిగారు పూత పట్టిన దగ్గర్నుంచి కాయ దిగేదాకా తోటలోనే పాక వేసుకుని ఉండి, ఇంటికి భోజనాల వేళకి చుట్టంలా వచ్చి వెళ్లేవారు. ఆయన తమ్ముడూ, మరదలూ, వాళ్ల పిల్లలూ అదే ఇంట్లో ఉండేవారు. పిన్నిగారి తోడికోడలు చెడ్డ మనిషేం కాదు, కాకపోతే చేతులు ఊరుకోని మనిషి, వంటిల్లు తన చేతికి ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచునేది. పిన్నిగారికేమో ఆ ఇంట్లో నాదీ అని చెప్పుకోడానికి ఉన్నది ఆ వంటిల్లొక్కటే. ఈ సంగతి నాకు సామాను దింపిన వారానికే అర్థమైంది.

ఆవిడ పుట్టిల్లు చింతలపూడి వైపు. తండ్రి ఆయుర్వేద వైద్యులట. అందుకే కాబోలు ఆవిడ వంట రుతువుని బట్టి మారిపోయేది. చలికాలం నువ్వులు, వేసవి మొదలవుతూనే మెంతి మజ్జిగ, కూరల్లో ఎండుమిర్చికి బదులు మిరియాలు, ఏ పూటైనా చివర్లో శొంఠి చారు. రోజూ పొద్దున పొయ్యి వెలిగించే ముందు చింతపండు నీళ్లలో వేసి, ఆ గిన్నె పక్కనే పీట వాల్చుకుని, తూర్పుముఖంగా కళ్లు మూసుకుని కూర్చునేవారు. జపం లేదు, మాల లేదు. పండు నానేంతసేపు ఊపిరి వచ్చేదీ పోయేదీ చూసుకుంటూ కూర్చోవడమే. ధ్యానం అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. "కాసేపు నానొస్తానమ్మాయ్" అనేవారు. మొదటిసారి విన్నప్పుడు స్నానానికి వెళుతున్నారనుకుని వేణ్ణీళ్లు తోడనాండీ అని అడిగాను. ఆవిడ ఎంత నవ్వారంటే, ఆ పూట నానడం కుదరనే లేదు.

ఆ ఏడు పండక్కి నేను ఇంటికి వెళ్లడం లేదని కనిపెట్టి, పిన్నిగారు తమతోనే చేసుకోమన్నారు. పండగనాడు చింతపండు నానబెట్టిన దగ్గర్నుంచి నైవేద్యం అయ్యేవరకు ఆవిడకి మౌనం. ఏం కావాలన్నా సైగే. నైవేద్యానికి ముందు దేన్నీ రుచి చూడకూడదు కూడా. శనగపప్పు వాతమని పెసరపప్పుతో బొబ్బట్లు, తోటలో కోసిన తొలి కాయతో పులిహోర, అల్లం పచ్చడి అన్నీ అయ్యాయి. ఇక ఉగాది పచ్చడి. కొత్త చింతపండు పులుసులో కొత్త బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు, మిరియాల పొడి తన చేత్తోనే వేసి, ఆవిడ ఉప్పుజాడీ వంక వేలు చూపించారు. మూత పెట్టమని ఆ సైగ. వెయ్యమని నేననుకున్నాను. అప్పటికే ఉప్పు పడిన గిన్నెలో, ఆవిడ అటు తిరిగి దీపం సర్దుతుండగా, ఇంకో గుప్పెడు వేసి కలిపేశాను.

నైవేద్యం అయ్యాక ఆవిడ మౌనం విడిచి, చెంచాడు చేతిలో వేసుకుని తిని, బాగుందమ్మా అంటూ నాకూ వేశారు. నోట్లో పెట్టుకోగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కటిక ఉప్పు. ఆవిడ మొహం చూశాను, నెమ్మదిగా, తృప్తిగా ఉంది. అది ఉప్పు తగిలిన మనిషి మొహం కాదు. అవతల వసారాలో బాబాయిగారూ అందరూ పీటల మీద కూర్చున్నారు, తోడికోడలు గిన్నె కోసం గడపలోకి వచ్చేసింది. ఆ గిన్నె అక్కడికి వెళితే ఈవిడ వంటిల్లు ఆ పూటతో సరి. నేను గిన్నె పట్టుకుని, పచ్చడి పాడుచేశానండీ, పిన్నిగారు వద్దని సైగ చేస్తున్నా చూసుకోకుండా నేనే రెండోసారి ఉప్పు వేశాను అని గట్టిగా అన్నాను. వసారాలోంచి బాబాయిగారు, "ఆపరేటరు కదా, ఒకటే కాల్ రెండుసార్లు కలిపేసిందిలే" అని నవ్వారు. అందరూ నవ్వారు. గండం గడిచింది.

పిన్నిగారు మాత్రం నవ్వలేదు. మళ్లీ చింతపండు నానబెట్టి, ఈసారి తన పీట పక్కన ఇంకో పీట వాల్చారు. కూర్చున్నాను. కాసేపయ్యాక కళ్లు తెరవకుండానే చెప్పారు. "విషజ్వరం వచ్చి పోయాక ఏ రుచీ తెలీట్లేదమ్మాయ్. రెండేళ్లయింది. నాలుక మర్చిపోతే ఏంటి, చెయ్యి మర్చిపోదుగా అని లాక్కొస్తున్నా. ఎవరికీ చెప్పకే. తెలిస్తే నన్ను వసారాలో కూర్చోబెడతారు." నేను తలూపాను, ఆవిడ చూడలేదు. అమ్మ పోయాక నన్ను పక్కన కూర్చోమన్న మొదటి మనిషి ఆవిడే. పండు నానేంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను.

మర్నాటి నుంచి నా గది కిటికీలో రోజూ ఒక చిన్న గిన్నె ఉండేది, అందులో చారో, పప్పో, పులుసో. డ్యూటీకి వెళుతూ రుచి చూసి, ఉప్పు తక్కువైతే ఒక వేలు, పులుపు ఎక్కువైతే రెండు వేళ్లు వంటింటి వైపు చూపించి వెళ్లేదాన్ని. అన్నీ సరిపోతే అరచెయ్యి. తీరికున్న పొద్దుల్లో ఆవిడ పక్కన నేనూ నానేదాన్ని. ఏడాదిన్నర అలా గడిచింది. ఇంతలో నాకు పెళ్లి కుదిరింది, విశాఖపట్నం బదిలీ అయింది. ఆ సంతోషంలో ఎవరు మాత్రం వెనక్కి చూస్తారు? పిన్నిగారు ఎండబెట్టిన వేపపువ్వు పొట్లం కట్టిచ్చారు. నువ్వెళితే నాకెవరు అని అడగలేదు. వెళ్లే రోజున కూడా కిటికీలో గిన్నె ఉంది. బస్సుకి టైమైపోతోందని దాన్ని ముట్టుకోకుండానే వెళ్లిపోయాను.

మరుసటి ఉగాది వెళ్లాక పిన్నిగారు చెప్పగా బాబాయిగారు రాసిన ఇన్లాండు కవరు వచ్చింది. తోట బాగా కాసిందనీ, ఈ ఏడు పచ్చడి తోడికోడలు చేసిందనీ, అందరూ బాగుందన్నారనీ, పిన్నిగారు వసారాలో కూర్చుని తిన్నారనీ ఉంది. అప్పుడు నేను కొత్త కాపురం హడావుడిలో ఉన్నాను. పోనీలే, ఆవిడకి ఇప్పటికైనా విశ్రాంతి దొరికింది అనుకుని, కవరు బియ్యండబ్బా మీద పెట్టి, జవాబు రాయడం మర్చిపోయాను. మళ్లీ ఉత్తరం రాలేదు.

వసారా అన్న ఆ మాట ఎందుకు రాయించారో ఎదురింటి పిల్లకి బాగుందమ్మా అని అబద్ధం చెప్పిన రోజుదాకా నాకు తోచలేదు. చెప్పుకోగలిగింది నా ఒక్కదానికే, చెప్పారు. నేను చదివి పక్కన పెట్టాను.

ఇప్పుడు చింతపండు నానబెట్టే పనే లేదు, గుజ్జు సీసాలో వస్తుంది. కళ్లు మూసుకుని కూర్చోడానికి ఫోన్లో గంట మోగుతుంది, ఎంతసేపు కూర్చున్నామో అదే లెక్క చెబుతుంది. మావారు పోయాక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే, వంటింటి కోసం నాతో పోటీకి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. మొన్న పట్టుబట్టి పాత చింతపండు తెప్పించి నానబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పండు నానింది. చారు పెట్టాను. ఉప్పు సరిపోయిందో లేదో తెలియలేదు. చిన్న గిన్నెలో కాస్త పోసి కిటికీలో పెట్టి, అది చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.