మిర్చి ఘాటు కాదండీ

గుంటూరులో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీని అందరూ ఏసీ అనే అంటారు. అలాంటి ఒక ఏసీలో నాది సేఫ్టీ ఉద్యోగం. చల్లదనం కోసం పైపుల్లో తిప్పే అమ్మోనియా గ్యాస్ లీకైతే మోగాల్సిన అలారం, అవసరమైన రోజున మోగకపోయే అవకాశం ఎంత? అది లెక్కగట్టి పైకి పంపాలి. పద్ధతి తేలికే. నెలనెలా పైకప్పు దగ్గరుండే సెన్సార్‌కి కాస్త గ్యాస్ చూపించి, మోగిందో లేదో రాసుకోవాలి. నేను చూపిస్తేగా! ఎవడెక్కుతాడులే నిచ్చెన అని, కింద ప్యానెల్ మీది టెస్ట్ బటన్ నొక్కేవాణ్ని. బటన్ నొక్కితే, సెన్సార్ చచ్చినా సైరన్ మోగక ఏం చేస్తుంది? మోగిన ప్రతిసారీ "పాస్" అని రాశాను. అలా రెండేళ్లు. మోగకపోయే అవకాశం దాదాపు సున్నా అని తేల్చి, శభాష్ అనిపించుకున్నాను కూడా.

మొన్న వేసవిలో, వరండాలో మిరపకాయల తొడిమలు తీసే ఒకావిడ నా దగ్గరికొచ్చింది.

"సార్, ఏందో ఘాటుగా ఉందండీ."

"మిర్చి దగ్గర ఘాటు కాక మల్లెపూల వాసనొస్తుందా?" అని కసిరాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"మిర్చి ఘాటు నాకు తెలీదాండీ? అది గొంతులో పట్టుద్ది. ఇది కళ్లల్లో పొడుస్తా ఉంది."

"అలారం మోగలేదుగా! పోయి పని చూసుకో."

వెళ్లింది. కాసేపటికి దగ్గుతూ కూలబడింది. అప్పటికి నా కళ్లూ మండాయి. పరుగెత్తి అదే బటన్ నొక్కాను. సైరన్ విని అందరూ బయటపడ్డారు. తర్వాత నిచ్చెనెక్కి చూస్తే సెన్సార్ మూతి నిండా కారం దుమ్ము గట్టిపడి ఉంది. రిపోర్టులో మాత్రం "అలారం మోగింది" అని రాశాను. ఛీ, నాదీ ఒక బతుకేనా! నిజంగా అవసరమైన ఒక్కసారీ అది ఫెయిలైంది. దాన్నీ పాసుల్లోనే కలిపేశాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. "మీ అలారం పెట్టె మోగబట్టి బతికామండీ." నేను తలూపాను.

పోయిన వారం ఆవిడ పనిచేస్తూ మాటిమాటికీ కళ్లు తుడుచుకుంటోంది. "ఏమ్మా, ఘాటుగా ఉందా?" అన్నాను.

"ఉందండీ. పెట్టె మోగలేదుగా, మిర్చి ఘాటేలే అనుకున్నా."

అందర్నీ బయటికి పంపి, పైపులన్నీ వెతికాను. ఆ రోజు అది మిర్చి ఘాటే. అయినా తలెత్తలేకపోయాను. ఆ ఏసీలో సరిగ్గా పనిచేసింది ఆవిడ ముక్కు ఒక్కటే. దాన్ని కూడా నేనే పాడుచేశాను. సిగ్గు చంపుకుని అందరి ముందే చెప్పాను.

"ఆ రోజు పెట్టె మోగలేదమ్మా. నేనే మోగించాను. నువ్వు చెప్పిందే నిజం."

ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టి నా వంక చూసింది.

"మరి ఇన్నాళ్లూ దాన్నెందుకు నమ్మనిచ్చారండీ?"