అవ్వ దాచిన తమలపాకు కాడ

1984లో నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి పాథాలజీ విభాగంలో పనిచేసేదాన్ని. పాథాలజిస్టు అంటే రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను పలచగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పే డాక్టరు. రోగి మా మొహం చూడడు, మేము రోగి మొహం చూడం. నిజం చెప్పాలంటే నాకా ఏర్పాటు బాగానే ఉండేది. మనుషులైతే కోప్పడతారు, ఏడుస్తారు, అబద్ధాలు చెబుతారు. స్లయిడ్లతో ఆ బాధ లేదు.

ఆ ఎండాకాలం మా సర్జన్ గారు ఒక చిన్న ముక్క పంపారు. వడమాలపేట నుంచి వచ్చిన ఏడాది బాబుది. పొట్ట కుండలా ఉబ్బిపోయి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయట. పేగు కదలాలంటే దాని గోడలో గాంగ్లియాన్ సెల్స్ అనే నరాల కణాలు ఉండాలి. కొందరు పిల్లలకు పేగు చివరి భాగంలో అవి పుట్టుకతోనే ఉండవు. అక్కడ పేగు బిగుసుకుపోతుంది, పైనంతా నిండిపోతుంది. ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పు.

నా స్లయిడులో ఆ కణాలు కనిపించలేదు. మా పనిలో "ఉంది" అనడం తేలిక, ఒక్కటి కనిపిస్తే చాలు. "లేదు" అనాలంటే గుండె దిటవు కావాలి. ముక్క మొత్తం కోయించి చూశాను. లేవు. ఫోన్ చేసి చెబితే సర్జన్ గారు ఒప్పుకోలేదు.

"అదెట్లా అవుతుందమ్మా? బాబు పుట్టిన రోజే దొడ్డికి పోయాడంట, ఇప్పుడూ రోజూ పోతాడంట. ఆ జబ్బున్న బిడ్డ అట్లా పోతాడా? ముక్క చాల్లేదేమో చూడు."

ఆయన అన్నదీ సబబే. లేని జబ్బుకు పసివాడి పొట్ట కోయించినా ఘోరం, ఉన్న జబ్బును వదిలేసినా ఘోరం. విసుక్కుంటూ వార్డుకు నడిచాను.

తల్లి బాబును ఒళ్ళో వేసుకొని మంచం మీద కూర్చుంది. తండ్రి పక్కనే నిలబడ్డాడు, పుత్తూరులో సైకిల్ షాపు అతనిది. గోడవారగా నేల మీద అతని తల్లి.

"బాబు రోజూ దొడ్డికి పోతాడా?" అని అడిగాను.

"పోతాడు మేడం. ఆ పనంతా మాయమ్మే సూసుకుంటాది" అన్నాడు తండ్రి.

నేల మీదున్న ఆ అవ్వ నా వైపు చూడలేదు. నాకు అనుమానం వచ్చింది. ఆమెను వరండాలోకి పిలిచి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నేను తిట్టేదానికి రాలేదు. మా అమ్మ కూడా మాకు ఆముదం పోసింది. నువ్వు బిడ్డకు ఏం చేస్తావో చెప్పు."

ఆమె కొంగు నలుపుతూ చెప్పింది. "తమలపాకు కాడమ్మా. ఆముదంలో ముంచి ఎనక పెడతా. పెడితేనే పోతాడు, లేకుంటే పోనే పోడు. పుట్టినప్పుడు బిడ్డలు నల్లగా పోతారు గదా, వీడు పోలా. అప్పుడు గూడా కాడే పెట్టినా. ఈడ నర్సమ్మలు ఆముదం పేరెత్తితేనే అరుస్తారు. అందుకే సెప్పలా."

నా స్లయిడు తప్పు చెప్పలేదని అప్పుడు తెలిసింది. కానీ ఆ మాటలు గుమ్మంలో నిలబడ్డ కొడుకు చెవిన కూడా పడ్డాయి.

"సూసినారా మేడం! ఆ పుల్లలు పెట్టి పెట్టి నా బిడ్డ పేగు సెడగొట్టింది!"

"నిజమేనేమో తల్లీ. నా సేతులతో నేనే సంపుకుంటా ఉండానేమో" అంది అవ్వ. ఆ తరువాత కొడుకు ఆమెతో మాట్లాడటం మానేశాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ కోపం సాక్ష్యం కాదు. మామూలుగా ముక్క తీయగానే కుళ్ళకుండా ఫార్మలిన్‌లో వేస్తారు. దానితో కణం ఆకారం నిలుస్తుంది, పని మాత్రం చెరిగిపోతుంది. ఒంట్లో కణాలన్నిటిలో ఉండేవి ఆ జన్యువులే. ఏ కణం వాటిలో వేటిని పనిలో పెట్టి ఏ పదార్థం తయారుచేస్తుందన్న దాంట్లోనే తేడా. ఇప్పుడు జన్యువుల పనినే కణజాలం మీద మ్యాపు గీసి చూపిస్తున్నారు. అప్పట్లో మా చేతిలో ఉన్నది, నరాలు తయారుచేసే ఒక ఎంజైమును రంగుతో పట్టుకునే పద్ధతి. దానికి ముక్క పచ్చిగా, ఐసులో రావాలి. సర్జన్ గారిని బతిమాలి ఇంకో ముక్క తీయించాను. థియేటర్లో అందరి చేతులూ ఫార్మలిన్ సీసాకు అలవాటు పడ్డవే. అందుకని ఐసు ఫ్లాస్కు పట్టుకొని తలుపు దగ్గర నేనే నిలబడ్డాను.

రంగు తేలింది. గోధుమ రంగు నరాల పోగులు దట్టంగా అల్లుకొని ఉన్నాయి, వాటి మధ్య ఉండాల్సిన కణం ఒక్కటీ లేదు. ఈ జబ్బు లక్షణమే అది. పాత గాయం తాలూకు మచ్చ ఎక్కడా లేదు. నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళాను.

"ఇది కడుపులో ఉన్నప్పుడే వచ్చిన లోపం అవ్వా. నీ కాడ వల్ల రాలేదు."

"ఆ మాట వాడి ముందర సెప్పు తల్లీ" అంది.

కొడుకును ల్యాబుకు పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. "ఈ పోగుల మధ్య ఉండాల్సిన కణాలు మీ బాబు పుట్టకముందే ఇక్కడికి చేరాలి, చేరలేదు. పుల్ల పెడితే ఇట్లా కాదు. ఈ పేగు చేయాల్సిన పనిని ఇన్నాళ్ళూ మీ అమ్మ చేసింది. అందుకే బిడ్డ మా దాకా ప్రాణాలతో వచ్చినాడు."

అతను కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. ఏం అర్థమైందో నాకు తెలియదు. లేచి వెళ్ళాడు. కాసేపటికి వరండాలోంచి అతని గొంతు వినిపించింది. "అమా, కాపీ తాగుతావా?"

ఇది చదివి ఎవరూ తమలపాకు కాడలు పట్టుకోకండి. బిడ్డ దొడ్డికి పోకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఆపరేషన్ రోజు సర్జన్ గారు పేగు కింది నుంచి పైకి ఒక్కో ముక్కా తీసి పంపుతుంటే, నేను అప్పటికప్పుడు గడ్డకట్టించి చూసి కబురు పంపాను. ఇక్కడ లేవు. ఇక్కడా లేవు. చివరికి "ఉన్నాయి!" అని నేనే థియేటరు దాకా పరుగెత్తాను. అక్కడ పేగును పొట్ట మీదికి తెచ్చి, కొన్నాళ్ళు మలం బయటికి పోయేందుకు దారి పెట్టారు. బాబు కొంచెం ఒళ్ళు చేశాక రెండో ఆపరేషన్‌లో ఆ మంచి పేగును కిందికి దించి కలిపారు.

ఆ తరువాత ఒక పొద్దున అవ్వ ఆయాసపడుతూ ల్యాబు గుమ్మంలోకి వచ్చింది. ఏమైందోనని స్లయిడు వదిలేసి లేచాను.

"డాక్టరమ్మా! నేను సెయ్యి గూడా పెట్టలా. వాడంతట వాడే పోయినాడమ్మా!"

ల్యాబులో అందరం నవ్వేశాం. నవ్వుతూనే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

తరువాత సర్వీసంతా, "లేదు" అని రాయాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు వార్డుకు వెళ్ళాను. రోగిని చేతులతో చూసుకునే మనిషి ఎవరో కనుక్కొని, తిట్టనని మాటిచ్చి మరీ అడిగాను. ఆ అవ్వ నన్ను నమ్మి నోరు విప్పకపోతే, సరైన స్లయిడు చేతిలో పెట్టుకొని కూడా నేను వెనక్కి తగ్గేదాన్ని. ఆ బిడ్డ నేను కాపాడిన బిడ్డ అని మావాళ్ళు అంటుండేవారు. అవ్వ ఏడాది పాటు కాపాడి తెచ్చి, నా చేతుల్లో పెట్టిన బిడ్డ వాడు.